పదిలో రెండు

ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
చలి ఇంకా వదలని రోజులు

వదినా,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేంటి అని నవ్వుకుంటున్నావు కదూ? ఫోన్ చేస్తే ఏమవుతుందో తెలుసుగా. నువ్వు "ఆ, చెప్పు" అనేలోపు అన్నయ్య లాక్కుంటాడు. మోకాలి నొప్పి దగ్గర మొదలుపెట్టి పక్కింటి కుక్క దాకా చెప్పి, "సరే ఉంటా" అని పెట్టేస్తాడు. నీతో చెప్పాల్సింది నా నోట్లోనే ఉండిపోతుంది. ఇదేమో కాస్త పొడుగు సంగతి, పైగా నీకు సంబంధించింది.

మన చెరువు ఫైలు నా బల్ల మీదికి వచ్చింది! పోయిన వేసవిలో నీళ్ల మీద పచ్చటి తెట్టు కట్టి, ఈతకి దిగిన పిల్లలకి దద్దుర్లూ వాంతులూ అయ్యాయి కదా. అప్పుడు హడావిడిగా మూసేశారు. ఈసారి ముందే తేల్చుకుందామని మునిసిపాలిటీ వాళ్ల ఆలోచన. వేసవంతా తెరిచి ఉంచాలా, మొదటి రోజే గేటుకి తాళం వెయ్యాలా? తెట్టు కట్టే అవకాశం ఎంతో చెప్పమని మా ఆఫీసుకి రాశారు.

నేనేం పని చేస్తానో నీకు ఎప్పుడూ అర్థం కాదంటావుగా, ఇప్పుడు విను. కాగితం మీద నాలుగు డబ్బాలు గీస్తాను. ఎండ, గాలి, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువు, చెరువులో నీటిమట్టం. నాలుగింటి నుంచీ బాణాలు వెళ్లి ఐదో డబ్బాలో కలుస్తాయి. అదే పచ్చతెట్టు. బాణం దగ్గర ఒక ప్రశ్న ఉంటుంది. ఇలా ఉన్నప్పుడు పదిసార్లలో ఎన్నిసార్లు తెట్టు కడుతుంది? కడుతుందా కట్టదా అని ఒట్టేసి ఎవరూ చెప్పలేరు కానీ, పదిలో ఎన్నో మాత్రం చెప్పొచ్చు.

మా ఆఫీసరుగారికి డబ్బాలు ఎన్ని ఉంటే అంత ముద్దు. చేపలు పెట్టమన్నారు, రోడ్డు మీది దుమ్ము పెట్టమన్నారు, చివరికి బాతులు కూడా. "సార్, ప్రతి డబ్బాకీ జవాబు చెప్పగలిగేవాళ్లు ఉండాలి కదా, బాతుల గురించి మనకేం తెలుసు?" అన్నాను. ఆయన మూతి ముడుచుకుని బాతుల్ని కొట్టేశారు.

ఎండకీ ఎరువుకీ నీటిమట్టానికీ పాత కొలతలున్నాయి. గాలితోనే వచ్చింది చిక్కు. పంపుహౌస్ కప్పు మీద గాలి కొలిచే యంత్రం పెట్టి రెండు వేసవులే అయింది. ఆ రెండు వేసవుల గాలి లెక్కలూ, నీళ్ల పరీక్షల లెక్కలూ నా నమూనాకి, అంటే ఈ డబ్బాల బొమ్మకి, చూపించకుండా బీరువాలో పెట్టి తాళం వేశాను. అంతా అయ్యాక వాటితో దాన్ని పరీక్ష చేస్తాను. జవాబులు ముందే చూసేసినవాడికి పరీక్ష పెట్టి ఏం లాభం చెప్పు. అంతకుముందు సంగతులకి చెరువు బాగా తెలిసిన ముగ్గురిని అడుగుతున్నాను. చేపల పెద్దాయన, పంపుహౌస్ ఆపరేటరు, మన ఈత మాస్టారు. ఒకరి మాట ఇంకొకరికి అంటకూడదని ఎవరికి వారికి విడిగా ప్రశ్న పంపాను.

నిన్ను మాత్రం అడగకూడదట. పడవలావిడ మా వదినేనని ఆఫీసరుగారికి ముందే చెప్పేశాను, దాచిపెడితే రేపు మాటొస్తుంది. "అయితే ఆవిణ్ణి తప్ప ఇంకెవర్నయినా అడుగు" అన్నారు. కోపం తెచ్చుకోకేం.

నీ మరదలు


పడవల షెడ్డు, రంగు డబ్బాల మధ్య
వారం తర్వాత

మరదలా,

బాతుల దాకా వెళ్లారు కానీ నన్నడగడానికి మాత్రం నోరు రాలేదన్నమాట! పొద్దున్న లేస్తే ఆ నీళ్ల మొహమే చూసేదాన్ని నేను. కానీలే, పెద్ద ఆఫీసరుగారు వద్దన్నాక మనమెంత. నన్ను అడగలేదు కాబట్టి నేనేమీ చెప్పను. నోటికి తాళం వేసేశాను, తాళంచెవి చెరువులో పారేశాను.

ఇక్కడ పడవలకి రంగులేస్తున్నాం. ఆరింటికీ ఆకుపచ్చే. నిన్న మీ అన్నయ్య ఒక పడవలోకి దిగి కూర్చుని, చుట్టూ తీరిగ్గా రంగేసుకుంటూ వచ్చి, అంతా అయ్యాక చూసుకున్నాడు. ఎటు దిగాలన్నా తడి రంగే. ఆరేదాకా అందులోనే బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. టీ అందించాను, పేపరు అందించాను. దారిన పోయేవాళ్లంతా ఆగి చూసి వెళ్లారు. ఈత మాస్టారయితే "సార్, మీకు ఈత నేర్పమంటారా?" అని అడిగాడు.

ఒక్కటి నవ్వకుండా చెప్తాను. నది అవతల పడవలు తిప్పే ఆయన మొన్న మళ్లీ వచ్చాడు. ఆరూ కలిపి కొనేస్తానంటున్నాడు. పోయిన వేసవి మూతకే నడుం విరిగింది. ఈసారి కూడా వేసవంతా మూస్తే ఇచ్చేస్తాను. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో ఒకే ఒక చిల్లు పడవతో మొదలుపెట్టాను, నీకు గుర్తుందో లేదో, నువ్వే డబ్బాతో నీళ్లు తోడి పోసేదానివి. ఆ పడవలు లేకుండా పొద్దున్నే లేచి ఎటు వెళ్లాలో నాకు తెలీదు. నిన్నేమీ చెయ్యమని అనడం లేదు. నీ డబ్బాల్లో ఈ డబ్బా లేదు కదా, అందుకని చెప్తున్నాను.

నీ వదిన


ఆఫీసు, అదే బల్ల
ఎండలు మొదలవుతున్నాయి

వదినా, వదినా, వదినా!

కాళ్లు నేల మీద ఆగడం లేదు. ముగ్గురి జవాబులూ వచ్చాయి. ఎండ మండిపోతూ గాలి పూర్తిగా పడిపోయిన రోజుల్లో పదిసార్లలో ఎన్నిసార్లు తెట్టు కడుతుందని కదా అడిగాను. చేపల పెద్దాయన "పదిలో రెండు" అన్నారు. ఆపరేటరు "పదిలో రెండు". మాస్టారు "రెండు, అంతకు మించదు". ఒకరినొకరు చూసి రాసినట్టు! ఎప్పుడూ కలిసి కూర్చోని ముగ్గురు మనుషులు విడివిడిగా ఒకే మాట అన్నారంటే ఇంకేం కావాలి? పైగా ముగ్గురూ "ఒక్క పూట గాలి వీస్తే చాలు, తెట్టంతా చెదిరిపోతుంది" అనే రాశారు.

ఆ రెండుని డబ్బాలో పెట్టి తిప్పి చూస్తే, వేసవంతా తెరిచి ఉంచినా భయం కొద్దిగానే ఉంది. ఆఫీసరుగారు మురిసిపోయారు. బీరువాలో పెట్టిన రెండు వేసవుల పరీక్ష ఇంకా చెయ్యలేదు. ఇంత గట్టిగా కుదిరాక దానికేం తొందర, రిపోర్టు పంపించాక చూద్దామనుకుంటున్నాను. నది అవతలాయనకి టీ ఇచ్చి సాగనంపు. పడవలు ఎక్కడికీ పోవు.

నీ మరదలు


పడవల షెడ్డు
రంగు ఆరిన తర్వాత

నా బంగారు మరదలా,

నీ నోట్లో చక్కెర పొయ్య! ఉత్తరం చదివి మీ అన్నయ్యని పట్టుకుని గిర్రున తిప్పేశాను. మోకాలు, మోకాలు అని అరిచాడు పాపం.

నీ ప్రశ్న కాగితాలు మూడూ నాకెంత పని పెట్టాయో నీకేం తెలుసు. మొదట చేపల పెద్దాయన వచ్చాడు. కాగితం చేతిలో పట్టుకుని బెంచీ మీద కూర్చుని "ఏం రాయమంటావమ్మా?" అన్నాడు. నీకు చెప్పకూడదు కానీ ఆయనకి చెప్పకూడదని ఎవరన్నారు? "రెండు రాయి బాబాయ్, ఒక్క పూట గాలి వీస్తే అంతా చెదిరిపోతుంది" అన్నాను. మర్నాడు ఆపరేటరు టీకి వచ్చి అదే అడిగాడు. అతనికీ చెప్పాను. మాస్టారు నిజంగానే తన బుర్రతో రాద్దామనుకున్నాడు, "నాకైతే నాలుగేమో అనిపిస్తోంది" అని కూడా అన్నాడు. "మీకు నీళ్లలో దూకడం తెలుసు, నీళ్ల సంగతి నాకు తెలుసు" అనేసరికి కొట్టేసి రెండు వేశాడు. చూశావా, నన్ను అడక్కపోయినా నీ పని నేనే చేసిపెట్టాను!

నాకెలా తెలుసంటావా? ఇన్నేళ్లుగా చూస్తున్నాను కదా. పోయిన ఏడాది ఏదో ఖర్మ కాలి అలా అయింది కానీ, అంతకుముందు నా కంట పడలేదు. అయినా గాలి లేని మిట్టమధ్యాహ్నం పడవ ఎక్కేదెవరు? అలాంటి రోజుల్లో షెడ్డు మూసేసి ఇంటికెళ్లి ఫ్యాను కింద పడుకుంటాను.

నీ వదిన


ఆఫీసు
ఉత్తరం అందిన వెంటనే

వదినా,

కొంప ముంచావు కదే!

నవ్వాలో ఏడవాలో తెలియక ముందు కాసేపు నవ్వాను. ముగ్గురు సాక్షులు దొరికారని ఎగిరి గంతేశాను. తీరా చూస్తే ఉన్నది ఒక్కటే సాక్షి, ఆ ఒక్కటీ నువ్వు. నువ్వేమో ఆ రోజుల్లో ఫ్యాను కింద పడుకునే సాక్షివి! నాలుగు అనిపించిన మాస్టారి చేత కూడా రెండు వేయించావు. ఆ నాలుగు నాకు ఎంత అవసరమో తెలుసా?

వెళ్లి ఆఫీసరుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఆవిణ్ణి అడగొద్దన్నాను కదా!" అన్నారు. "అడగలేదు సార్, మూడుసార్లు విన్నాం, అంతే" అన్నాను. ఆయన నవ్వీ నవ్వీ కళ్లజోడు కింద పడేసుకున్నారు. ఆ తర్వాత రిపోర్టు నా చేతిలోంచి తీసుకుని సొరుగులో పడేశారు.

అప్పుడు వెళ్లి బీరువా తెరిచాను, ముందే తెరవాల్సింది. గాలి పడిపోయిన వారాలకి నా నమూనా ఏం చెప్పిందీ, ఆ రెండు వేసవుల్లో నిజంగా ఏం జరిగిందీ పక్కపక్కన పెట్టి చూశాను. ఘోరంగా ఫెయిలయింది. నేను భయం లేదన్న వారాల్లో సగానికి పైగా నీళ్లలో తెట్టు ఉంది. ఆ రిపోర్టు కనుక వెళ్లిపోయి ఉంటే? నీ పడవలోంచి నీళ్లలోకి చెయ్యి పెట్టే చిన్నపిల్లలే గుర్తొచ్చారు.

మళ్లీ మొదటి నుంచి అడుగుతున్నాను. ఈసారి నిన్ను కూడా, ఆఫీసరుగారి అనుమతితోనే. నిన్ను తప్పిస్తే నువ్వు అందరి నోళ్లలోంచీ వస్తున్నావు, అంతకంటే నీ పేరుతోనే రావడం మేలన్నారు. నీ కళ్లతో చూసిందే రాయి. ఏ ఒడ్డున నిలబడి చూశావో రాయి. అక్కడ లేకపోతే "చూడలేదు" అని రాయి. ముందు ఎక్కువలో ఎక్కువ ఎన్నో, తక్కువలో తక్కువ ఎన్నో చెప్పి, ఆ తర్వాతే మధ్యలో అంకె వెయ్యి. దయచేసి ఎవరికీ ఏమీ చెప్పకు. ఈసారి తాళంచెవి నిజంగానే చెరువులో పారెయ్యి.

నీ మరదలు


పడవల షెడ్డు

లెక్కల ఆఫీసరు గారికి,

ఉత్తరం అందింది. గాలి లేని ఎండ రోజుల గురించి నేను చూసింది: చూడలేదు. ఎక్కువలో ఎక్కువ: తెలీదు. తక్కువలో తక్కువ: తెలీదు. చాలా?

ఆ రెండుని అలాగే ఉంచేస్తే నీ సొమ్మేం పోయేది? ఎప్పుడూ ఏదీ అడగలేదు నిన్ను. ఇప్పుడూ అడగలేదు. కానీ నువ్వే ఆశపెట్టి నువ్వే లాక్కున్నావు. నది అవతలాయన్ని నీ మాట నమ్మి వెనక్కి పంపాను. ఇప్పుడు మళ్లీ నేనే కబురు పెట్టాలి. నాకు ఏడుపొస్తోంది, అది కూడా నీ డబ్బాలో వేసుకో.

ఈ పైన రాసింది పంపకుండా నాలుగు రోజులు సంచీలోనే పెట్టుకు తిరిగాను. చింపేద్దామనుకున్నాను కానీ, ఉండనీ, నాకు ఎంత కోపమొచ్చిందో నీకూ తెలియాలి కదా.

ఇవాళ ఆకు కదల్లేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. మామూలుగా అయితే ఇంటికెళ్లి పడుకునేదాన్ని. "చూడలేదు" అని రాసిన మాట మాత్రం చెవిలో జోరీగలా రొద పెట్టింది. పడవ విప్పి ఒక్కదాన్నే బయలుదేరాను. మీ అన్నయ్య ఒడ్డున నిలబడి "నీకు పిచ్చి గానీ పట్టిందా!" అని అరుస్తూనే ఉన్నాడు. అటు చివర, తుంగ పెరిగిన మూల ఉంది చూడు, మేము పడవల్ని అటు తిప్పం, అక్కడిదాకా వెళ్లాను. తెడ్డు ముంచి తీస్తే అంచుకి పచ్చగా అంటుకుంది. మీ అన్నయ్య వేసిన రంగే ఊడిందనుకుని గోరుతో గీకి చూశాను. రంగు కాదే పిల్లా. వంగి చూస్తే నీళ్లనిండా సన్నటి పచ్చ నలుసులు. మన ఒడ్డున మాత్రం నీళ్లు అద్దంలా ఉన్నాయి. అటు పక్క ఎన్నేళ్ల నుంచి ఇలా ఉందో నాకేం తెలుసు?

ఇది నా పడవలకి మంచి కబురు కాదని తెలుసు. కానీ చూశాక "చూడలేదు" అని ఎలా రాస్తాను? నా కళ్లతో చూసింది, తుంగమూల, మిట్టమధ్యాహ్నం, ఒక్కసారి. ఎక్కువలో ఎక్కువ ఎనిమిది, తక్కువలో తక్కువ మూడు. మధ్యలో వెయ్యమన్నావు కాబట్టి ఆరు వేస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు, నీకొక్కదానికే.

నీ వదిన


ఆఫీసు
ఎండలు ముదిరాక

వదినా,

నీ ఉత్తరం ఆఫీసులో చదవకుండా ఉండాల్సింది. పక్క బల్ల ఆవిడ చేతిరుమాలు ఇచ్చింది. ఆ కోపం పేజీ కూడా దాచుకున్నాను.

ఇప్పుడు కబురు. ఈసారి నిజంగా నాలుగు వేరువేరు జవాబులు వచ్చాయి. చేపల పెద్దాయన ఐదన్నారు, తెల్లారకముందు వల వేసేది ఆయనే కదా. మాస్టారు తన నాలుగు తనకే ఉంచుకున్నాడు. ఆపరేటరు ఏడు, అతని పైపులు తుంగమూల పక్కనే ఉన్నాయట, పోయినసారి నీ మాట కాదనడానికి మొహమాటపడ్డాడట! ఈ నాలుగూ తేడాగా ఉన్నందుకు నాకు ఎంత సంతోషమేసిందో. ఎంత తెలుసో, ఎంత తెలియదో రెండూ కనిపించాయి. ఈసారి బీరువా పరీక్ష కూడా గట్టెక్కింది. అన్ని వారాలూ కాదు కానీ, ఎక్కువ వారాలు సరిగ్గా చెప్పింది.

నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. వేసవంతటికీ కలిపి ఒకే అంకె అడిగితే, ఎప్పుడో ఒకప్పుడు తెట్టు కట్టడం దాదాపు ఖాయం. ఆ లెక్కన మొదటి రోజే తాళం వెయ్యాలి. అది చూసి నా పెన్ను ఆగిపోయింది. అప్పుడే తట్టింది, అసలు ప్రశ్నే సరిగ్గా లేదని. వేసవంతా ఒకేలా ఉండదు కదా. గాలి వీచే వారాలకి భయం బాగా తక్కువ. వేసవికంతా ఒక అంకె ఎందుకు, ప్రతి సోమవారం, ఆ వారం నీళ్లు బాగుండే అవకాశం పదిలో ఎంతో ఒక అంకె ఇద్దాం అన్నాను. ఆపరేటరు రోజూ తుంగమూల నీళ్లు తీసి చూస్తాడు. ఆకుపచ్చ జెండా ఉంటే తెరవాలి, ఎర్ర జెండా ఉంటే ఆ రోజుకి మూత. మునిసిపాలిటీ వాళ్లు గొణిగారు, ఆఫీసరుగారు నా పక్కన నిలబడి గట్టిగా మాట్లాడారు, ఒప్పుకున్నారు. కొత్త కొలతలు వచ్చేకొద్దీ నా అంకెలూ సరిదిద్దుకుంటాను.

ఒక్కటే భయం. నేను పదిలో ఎనిమిది బాగుంటుందని చెప్పిన వారం కూడా ఎప్పుడో ఒకసారి చెడుతుంది. చెడి తీరాలి. ఆ రోజు ఊరంతా నన్ను తిడుతుంది. నువ్వు కూడా తిడతావేమోనని ఇప్పుడే దిగులు పట్టుకుంది.

నీ మరదలు


పడవల షెడ్డు, బోర్లించిన పడవ మీద కూర్చుని
నడి వేసవి

మరదలా,

నీ భయం నిన్న నిజమయింది. కంగారు పడకు, మొత్తం చదువు.

మొదటి వారాలన్నీ హాయిగా గడిచాయి. పడవలకి క్యూలు కట్టారు. మధ్యలో రెండుసార్లు ఎర్ర జెండా లేచింది, జనం కాస్త సణిగి ఐస్‌క్రీం తిని ఇళ్లకి పోయారు. ఈ వారం నీ అంకె ఎనిమిది. అందరం కులాసాగా ఉన్నాం. మొన్న మధ్యాహ్నం నుంచి గాలి బిగిసిపోయింది. నిన్న శనివారం, సెలవురోజు, ఒడ్డంతా జనం. నాకెందుకో మనసు ఊరుకోలేదు. పొద్దున్నే తుంగమూలకి వెళ్లి తెడ్డు ముంచాను. పచ్చగా వచ్చింది. ఆపరేటరుకి కబురు పెట్టి, అతను సీసాతో వచ్చేలోపే ఎర్ర జెండా నేనే ఎగరేశాను. ఆరు పడవల్నీ నా చేత్తోనే కట్టేశాను. ఏ పిల్లా నీళ్లలో వేలు కూడా పెట్టలేదు.

ఇక చూడు గోల! ఐస్‌క్రీం బండి అతను అందరికంటే పెద్ద గొంతుతో మొదలుపెట్టాడు. "ఎనిమిదన్నారు కదా, ఏదీ ఎనిమిది? ఆ లెక్కలన్నీ బోగస్!" జనం కూడా అవునవునన్నారు. మీ అన్నయ్యకి తల కొట్టేసినట్టయి, రంగు డబ్బాల వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇదిగో ఈ బోర్లించిన పడవే ఎక్కి అరిచాను. "ఏమయ్యా, ఎనిమిదన్నప్పుడు మిగతా రెండూ ఎక్కడికి పోయాయనుకున్నావు? ఎటూ పోలేదు, ఇవాళ వచ్చాయి! ఎనిమిది అన్నప్పుడల్లా మంచే జరిగితే అది ఎనిమిదెందుకవుతుంది, పదవుతుంది. అప్పుడు మా మరదలు మీకు అబద్ధం చెప్పినట్టు. నష్టం నీకూ ఉంది, నాకూ ఉంది. పడవలు ఆరూ కట్టేసి నిలబడ్డాను చూడు. తిట్టేటట్టయితే ముందు నేను తిట్టాలి, నేనే తిట్టట్లేదు!"

చేపల పెద్దాయన "పదిలో రెండు" అని ముసిముసిగా నవ్వాడు. సిగ్గేసి చచ్చాను. కాసేపటికి ఐస్‌క్రీం అతనే ఒక కప్పు తెచ్చి నా చేతిలో పెట్టి, "వచ్చే వారం ఎంతో?" అని అడిగాడు. నాకు తెలీదన్నాను. ఆ మాట నా నోటి నుంచి వినడం ఇదే మొదటిసారని మీ అన్నయ్య ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు.

నది అవతలాయన కూడా నిన్న ఆ జనంలోనే ఉన్నాడట. సాయంత్రం వచ్చి పడవల మాట ఎత్తకుండా, "మా రేవుకి కూడా మీ మరదలు ఇలా చేసిపెడుతుందా అమ్మా?" అని అడిగాడు. పడవలు ఇచ్చేది లేదని చెప్పి టీ ఇచ్చాను. పడవలు నావే. ఈ ముక్క రెండుసార్లు చదువుకో.

గాలి ఇంకా పడిపోయే ఉంది. ఆకాశం తెల్లగా ఉంది. రేపు సోమవారం, నీ అంకె తక్కువే వస్తుందని నాకు అనిపిస్తోంది, కానీ నేనేమీ చెప్పను. ఎంతొస్తే అంత. నా మొహం చూసి ఒక్కటి కూడా పెంచకు. ఉన్నదే పంపు.

నీ వదిన